చూడదగ్గ లోకాలు – జాబితా రాసిన చేతులు

పిహెచ్.డి.లో చేరిన మొదటి ఏడాది నా పరిశోధనాంశాన్ని పరిశీలించడానికి ఒక కమిటీ కూర్చుంది. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో స్త్రీల పత్రికల్లో రాసి, ఒక్క పుస్తకం కూడా అచ్చుకాని రచయిత్రుల మీద పని చేస్తానని రాసుకుని వెళ్లాను. కమిటీలో ఒక పెద్దాయన నా కాగితాలు తిరగేసి, “వీళ్లలో పరిశోధనకి అర్హత ఉన్నవాళ్లు ఎంతమందమ్మా?” అని అడిగారు. వెటకారంగా అడగలేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. అందుకే నాకు జవాబు దొరకలేదు. చదివితే గాని అర్హత తెలియదు. అర్హత ఉందని ముందే చెబితే గాని చదవనివ్వరు. చివరికి అందరికీ తెలిసిన నలుగురైదుగురు రచయిత్రుల పేర్లు కలిపి అంశాన్ని ఆమోదింపజేసుకున్నాను. మిగిలినవాళ్ల పేర్లు రెండు నోటు పుస్తకాల్లో ఉండిపోయాయి.

ఆ ప్రశ్న నన్ను చాలాకాలం వదల్లేదు. మళ్లీ అది ఎదురైంది, నేను ఊహించని చోట. పాత పత్రికల్లో స్త్రీలు రాసిన విజ్ఞాన వ్యాసాల కోసం వెతుకుతూ వెతుకుతూ ఖగోళశాస్త్ర చరిత్రలోకి వెళ్లిపోయాను. అక్కడా అదే ప్రశ్న. సూర్యుడు కాని ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలు 2025 సెప్టెంబరు నాటికి నాసా లెక్కలో ఆరు వేలు దాటాయి. వాటిలో కొన్ని తమ నక్షత్రం నుంచి మరీ దగ్గరా మరీ దూరమూ కాకుండా, నీరు నీరుగా నిలవగలిగే దూరంలో తిరుగుతున్నాయి. ఆ మేరను నివాసయోగ్య మండలం అంటున్నారు. అన్నిటినీ వివరంగా చూడటానికి టెలిస్కోపులూ లేవు, సమయమూ లేదు. మరి దేన్ని చూడాలి? దేన్ని వదిలెయ్యాలి? ఆ అర్హత ఎవరు తేలుస్తారు?

ఈ నిర్ణయం ఎక్కడో ఒక పెద్ద సమావేశంలో, పెద్ద శాస్త్రవేత్తల మధ్య జరుగుతుందని మనం అనుకుంటాం. కానీ దాని చరిత్ర వెనక్కి తవ్వుకుంటూ పోతే అసలు నిర్ణయం అంతకన్నా చాలా ముందే, జాబితా రాసేటప్పుడే, చాలావరకు జరిగిపోయిందని అర్థమవుతుంది. ఆ జాబితాలు రాసిన చేతుల్లో ఎక్కువ భాగం ఆడవాళ్లవి.

2003లో ఇద్దరు స్త్రీలు తయారుచేసిన ఒక జాబితాతో మొదలుపెడతాను. ఒకరు జిల్ టార్టర్. ఇతర లోకాల నుంచి వచ్చే రేడియో సంకేతాల కోసం వెతికే సెటి పరిశోధనకి దశాబ్దాల పాటు నాయకత్వం వహించిన మనిషి. కార్నెల్‌లో ఇంజనీరింగ్ చదివినప్పుడు సుమారు మూడు వందల మంది ఉన్న తరగతిలో ఆమె ఒక్కతే అమ్మాయి. రెండో ఆమె మార్గరెట్ టర్న్‌బుల్. అప్పటికింకా అరిజోనా విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిని. అప్పట్లో ఆలెన్ టెలిస్కోప్ ఆరే అనే రేడియో టెలిస్కోపుల వరసను కట్టాలని చూస్తున్నారు. దాన్ని ఎటు తిప్పాలో ముందే తేల్చుకోవాలి. వాళ్ల చేతిలో ఉన్నది హిప్పార్కస్ ఉపగ్రహం కొలిచిన 1,18,218 నక్షత్రాల పట్టిక. ఆ నక్షత్రాల చుట్టూ గ్రహాలున్నాయో లేవో అప్పటికి చాలావాటి విషయంలో తెలియదు. కాబట్టి నక్షత్రాన్నే పరీక్షించారు. ఈ నక్షత్రం దగ్గర ప్రాణం పుట్టి, పెరిగి, నిలవడానికి వీలుందా?

వాళ్లు పెట్టుకున్న షరతులు ఇవి. నక్షత్రం వయసు కనీసం 300 కోట్ల ఏళ్లు ఉండాలి, ఎందుకంటే భూమి మీద సంక్లిష్ట జీవులు రావడానికి అంతకన్నా ఎక్కువే పట్టింది. వెలుగు ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ కాకూడదు. రాతి గ్రహాలు ఏర్పడాలంటే నక్షత్రంలో ఇనుము వంటి బరువైన మూలకాలు కొంత ఉండాలి, సూర్యుడిలో ఉన్నదాంట్లో నలభై శాతమైనా. పక్కన జంట నక్షత్రం ఉంటే అది గ్రహం దారిని చెదరగొట్టకూడదు. అన్నిటికన్నా ముందు, ఉబ్బిపోయి ముసలిదైన రాక్షస తార కాకూడదు. ఒక్కో షరతుకీ కొన్ని వేల పేర్లు రాలిపోయాయి. చివరికి 17,129 మిగిలాయి. అంటే లక్షకు పైగా నక్షత్రాలు ఆ వడపోతలో వెనక్కి వెళ్లాయి.

ఈ జాబితాలో నన్ను ఆకట్టుకున్నది దాని నిజాయితీ. ఎందుకు తీసుకున్నారో, ఎందుకు వదిలేశారో ప్రతి షరతూ రాసిపెట్టారు. ఎవరైనా వచ్చి ఆ షరతుతో పోట్లాడవచ్చు. సాహిత్య చరిత్రల్లో నేను ఇది చాలా తక్కువ చూశాను. మన చరిత్రకారులు ఎవరిని తీసుకున్నారో చెబుతారు, ఎవరిని ఎందుకు తీసుకోలేదో చెప్పరు.

అంతకుముందు ఈ ప్రశ్న ఎలా ఉండేదో కూడా చూడాలి. 1960లో ఫ్రాంక్ డ్రేక్ మొదటిసారి రేడియో సంకేతాల కోసం వెతికినప్పుడు ఎంచుకున్నది రెండే రెండు నక్షత్రాలు, టౌ సెటి, ఎప్సిలాన్ ఎరిడాని. దగ్గరగా ఉన్నాయి, సూర్యుడిలాగే ఒంటరిగా ఉన్నాయి, అంతే. 1964లో రాండ్ కార్పొరేషన్‌లో పనిచేసే స్టీఫెన్ డోల్ ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దాని పేరును తెలుగులో చెప్పుకుంటే ‘మనిషికి నివాసయోగ్యమైన గ్రహాలు’. ఇంగ్లీషులో ఆ ‘మనిషి’ స్థానంలో ఉన్న మాట ‘మాన్’. ఆ కాలం వాడుక అది అని సర్దుకోవచ్చు. కానీ ఆ పుస్తకం అర్హతను లెక్కవేసింది కూడా ఆ పేరుకు తగ్గట్టే. ఎంత వేడి, ఎంత గురుత్వాకర్షణ, ఎంత ప్రాణవాయువు అయితే మనుషులు వెళ్లి హాయిగా కాపురం పెట్టగలరన్నదే కొలత. అక్కడ మనకి సుఖంగా ఉంటుందా అన్నది ఒక ప్రశ్న, అక్కడ ఏదైనా ప్రాణి బతకగలదా అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదాన్ని అడిగి రెండోదానికి జవాబు దొరికిందనుకోవడం మనకి తెలియనిది కాదు. పెళ్లిచూపుల్లో అమ్మాయిని చూసినంతసేపూ జరిగేది అదే.

ఇప్పుడు టార్టర్, టర్న్‌బుల్‌ల వడపోతలో మొదటి జల్లెడ దగ్గరికి వద్దాం. నక్షత్రం రాక్షస తారా, సూర్యుడిలా నడివయసులో ఉన్న మరుగుజ్జు తారా? ఈ తేడా మొదట గుర్తుపట్టింది ఒక స్త్రీ. గుర్తుపట్టినందుకు ఆమెకు ఆ కాలంలో దక్కింది మాత్రం చీవాట్లే.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్ ఎడ్వర్డ్ పికరింగ్, గాజుపలకల మీద తీసిన నక్షత్రాల వర్ణపటాలను పరిశీలించడానికి ఆడవాళ్లను నియమించాడు. వాళ్లను ‘కంప్యూటర్లు’ అనేవాళ్లు. అప్పటికి కంప్యూటర్ అంటే యంత్రం కాదు, లెక్కలు కట్టే మనిషి. చాలామందికి జీతం గంటకి పాతిక సెంట్లు. వాళ్లలో మొదటి తరం మనిషి విలియమినా ఫ్లెమింగ్. స్కాట్లండ్ నుంచి వచ్చి, కడుపుతో ఉండగా భర్త వదిలేస్తే పికరింగ్ ఇంట్లోనే పనిమనిషిగా చేరింది. ఆ తర్వాత వేల నక్షత్రాలను వర్గాలుగా విడదీసింది. 1900 మార్చిలో ఆమె రాసిన డైరీ మిగిలి ఉంది. తనకి ఏడాదికి 1,500 డాలర్లు, కొందరు మగవాళ్లకి 2,500. నాకూ ఇల్లూ సంసారమూ ఉన్నాయన్న సంగతి ఆయనకి ఎప్పుడైనా తోస్తుందా అని అందులో బాధపడింది.

ఆంటోనియా మోరీ వచ్చింది ఆ తర్వాత. ఆమె ఒక్కో నక్షత్రం వర్ణపటాన్నీ ఓపికగా చూసేది. కొన్నింటిలో గీతలు అసాధారణంగా సన్నగా, పదునుగా ఉన్నాయని గమనించి వాటికి ‘సి’ అని ప్రత్యేకమైన గుర్తు పెట్టింది. పికరింగ్‌కి ఇది నచ్చలేదు. పని ఆలస్యమవుతోందని, వర్గీకరణ చిక్కుపడిపోతోందని అతని ఫిర్యాదు. తన పనికి తన పేరు రావాలని ఆమె పట్టుబట్టింది. 1897లో ఆమె పట్టిక ఆమె పేరుతోనే అచ్చయింది కానీ, ఆ ‘సి’ గుర్తుని తర్వాతి వర్గీకరణలో వదిలేశారు. కొన్నేళ్లకి డెన్మార్క్‌లో ఐనార్ హెర్ట్స్‌ప్రుంగ్, మోరీ ‘సి’ గుర్తు పెట్టిన నక్షత్రాలన్నీ అదే రంగున్న మిగతావాటికన్నా ఎన్నో రెట్లు పెద్దవని గ్రహించాడు. ఈ తేడాను వదిలెయ్యడమంటే, తిమింగలానికీ చేపకీ తేడా తెలిసి కూడా రెండిటినీ ఒకే గాటన కట్టడం లాంటిదని 1908లో పికరింగ్‌కి ఉత్తరం రాశాడు. రాక్షస తారలూ మరుగుజ్జు తారలూ అనే విభజన అలా స్థిరపడింది. ఈనాటికీ ఏ గ్రహం నివాసయోగ్యమా అన్న విచారణ మొదలయ్యేది అక్కడే.

నక్షత్రాలను వేడిని బట్టి ఓ, బి, ఎ, ఎఫ్, జి, కె, ఎం అనే వరుసలో పెట్టింది ఆనీ జంప్ కానన్. వినికిడి దాదాపు పూర్తిగా పోయిన మనిషి. 1918 నుంచి 1924 వరకు తొమ్మిది సంపుటాలుగా వచ్చిన కేటలాగ్‌లో 2,25,300 నక్షత్రాలు ఉన్నాయి. ప్రతి ఒక్కదాన్నీ ఆమె కళ్లే చూశాయి. 1896లో అబ్జర్వేటరీలో చేరిన ఆమెకి హార్వర్డ్ కార్పొరేషన్ ఖగోళశాస్త్రవేత్త హోదా ఇచ్చింది 1938లో. ఆ కేటలాగ్ పేరు హెన్రీ డ్రేపర్ కేటలాగ్. డ్రేపర్ 1882లోనే చనిపోయిన ఔత్సాహిక ఖగోళవేత్త. అతని భార్య అన్నా డ్రేపర్ భర్త జ్ఞాపకార్థం డబ్బిచ్చింది కాబట్టి ఆ పేరు పెట్టారు. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటిపోవడం మొట్టమొదట కనిపించింది 1999లో, హెచ్‌డి 209458 దగ్గర. ఇరవై కాంతి సంవత్సరాల దూరంలో, నివాసయోగ్య మండలంలోకి వస్తూ పోతూ తిరిగే గ్రహం ఒకటుందని 2025లో నిర్ధారించింది హెచ్‌డి 20794 దగ్గర. శాస్త్రవేత్తలు ఇలా పేరు పలికిన ప్రతిసారీ హెచ్ అంటే హెన్రీ, డి అంటే డ్రేపర్. డబ్బిచ్చిన ఆడమనిషి, పలకలు చూసిన ఆడమనిషి, ఇద్దరూ ఆ రెండక్షరాల్లో లేరు.

నక్షత్రాల్లో బరువైన మూలకాలు ఎంతున్నాయన్న ఇంకో షరతు ఉంది కదా. దాని మూలంలో ఉన్నది సెసిలియా పేన్. నక్షత్రాలు ప్రధానంగా హైడ్రోజన్‌తో నిండి ఉన్నాయని 1925లో తన పిహెచ్.డి. సిద్ధాంతగ్రంథంలో లెక్కకట్టింది. అప్పటి మహామహుడు హెన్రీ నోరిస్ రసెల్ అది అసాధ్యమన్నాడు. ఆ ఫలితం దాదాపు కచ్చితంగా నిజం కాదని ఆమె తన గ్రంథంలోనే రాసుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లకి రసెల్ తనూ అదే నిర్ణయానికి వచ్చాడు. కమిటీ కోసం నాలుగు తెలిసిన పేర్లు కలిపిన నాకు ఆమె రాసిన ఆ వాక్యం ఎలాంటిదో బాగా తెలుసు.

ఈ కథలో మన ఊరికి కూడా చోటుంది. 1887లో పారిస్‌లో జరిగిన సమావేశంలో, ఆకాశం మొత్తాన్ని పట్టీలుగా విభజించి ప్రపంచంలోని సుమారు ఇరవై వేధశాలలకు పంచి, ఫోటో తీయించి కొలవాలని నిర్ణయించారు. ఫోటో తీయడానికి ఒక రాత్రి చాలు. ఆ గాజుపలక మీది చుక్కలను సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్కటిగా కొలిచి అంకెలు రాయడానికి ఏళ్లు పడుతుంది. ఆ విసుగు పని చాలాచోట్ల ఆడవాళ్లకి వచ్చింది. పారిస్‌లో కొలతల విభాగానికి అధిపతి డొరోతియా క్లుంప్కే. వాటికన్ వేధశాలలో 1910 నుంచి 1921 వరకు నలుగురు క్రైస్తవ సన్యాసినులు 4,81,215 నక్షత్రాల స్థానాలు కొలిచారు. ఎమీలియా పోంజోని, రెజీనా కొలంబో, కొంచెట్టా ఫినార్ది, లుయీజా పంచేరి. ఫోటోలో నన్‌లుగా కనిపించే ఆ నలుగురి పేర్లు ప్రపంచానికి తెలిసింది 2016లో, ఒక పాదిరి పాత కాగితాలు సర్దుతుంటే బయటపడ్డాక.

దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల మధ్య ఉన్న పట్టీని మొదట చిలీలోని శాంటియాగోకి ఇచ్చారు. అక్కడ పని సాగకపోవడంతో అది హైదరాబాదుకి వచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ సొంత ఆసక్తితో మొదలుపెట్టిన నిజామియా వేధశాల, ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటలో స్థిరపడింది. ఎనిమిది అంగుళాల ఫోటో టెలిస్కోప్‌తో 1914లో పని మొదలైంది. 1919లో వేధశాల ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. తర్వాత ఉత్తరాకాశంలో ఇంకో పట్టీ కూడా తీసుకున్నారు. మొత్తం పన్నెండు సంపుటాలు, ఏడు లక్షలకు పైగా నక్షత్రాలు. చరిత్రలో మనకు వినిపించేవి పోకాక్, భాస్కరన్ లాంటి డైరెక్టర్ల పేర్లు.

ఆ అంకెల వల్ల అప్పటికప్పుడు పెద్ద ప్రయోజనం కనిపించలేదు. కొలత పూర్తయ్యేసరికి ఆ పద్ధతే పాతబడింది. అచ్చయిన సంపుటాలు ప్రపంచమంతటా గ్రంథాలయాల్లో దుమ్ము పట్టాయి. కానీ నక్షత్రాలు కదులుతాయి. చాలా నెమ్మదిగా, ఒక మనిషి జీవితకాలంలో కంటికి ఆనకుండా కదులుతాయి. ఆ కదలిక తెలియాలంటే ఇవాళ్టి ఫోటో ఒక్కటీ చాలదు, వందేళ్ల కిందటి ఫోటో కూడా కావాలి. 1990లలో అమెరికా నావికాదళ వేధశాల ఆ పాత సంపుటాలన్నిటిలోని సుమారు 46 లక్షల నక్షత్రాల కొలతలను మళ్లీ లెక్కకట్టింది. పారిస్ ఆడవాళ్ల అంకెలూ, వాటికన్ సన్యాసినుల అంకెలూ, బేగంపేట అంకెలూ అందులో కలిశాయి. వాటిని ఉపగ్రహం కొలతలతో పోల్చి 2000లో టైకో-2 అనే పట్టిక వచ్చింది. పాతిక లక్షల నక్షత్రాల కదలిక అందులో ఉంది.

2003లోనే టార్టర్, టర్న్‌బుల్ తమ రెండో పట్టికను ప్రకటించారు. మొదటి పట్టికలో పేర్లు టెలిస్కోప్‌కి సరిపోవు. ఎటు తిప్పినా కనీసం మూడు లక్ష్యాలైనా కనిపించాలి. దూరం తెలియని లక్షల నక్షత్రాల నుంచి మరుగుజ్జు తారలను ఎలా ఏరాలి? అక్కడ వాళ్లు వాడింది టైకో-2లోని కదలికే. ఒకే మెరుపున్న రెండు నక్షత్రాల్లో ఒకటి గబగబా జరుగుతూ, ఇంకోటి ఉన్నచోటే ఉన్నట్టుంటే, జరిగేది సాధారణంగా మనకి దగ్గరలో ఉన్న చిన్న నక్షత్రం. జరగనిది ఎక్కడో దూరాన ఉన్న రాక్షస తార. అంటే మోరీ ‘సి’ గుర్తుతో చేసిన విభజననే ఇప్పుడు పాత గాజుపలకల సాయంతో చేశారు. ఎనభై, తొంభై ఏళ్ల కిందట ఏ గ్రహాన్నీ ఊహించకుండా కొలిచిన అంకెలు, ఏ లోకాన్ని వినాలి అన్న నిర్ణయంలో భాగమయ్యాయి. బస్సులో బేగంపేట మీదుగా వెళ్లినప్పుడల్లా నాకు ఈ సంగతే గుర్తొస్తుంది.

హైదరాబాదు పట్టీలో, దక్షిణాన 21 డిగ్రీల దాటిన చోట, జీజే 357 అనే చిన్న ఎర్ర నక్షత్రం ఉంది. మనకి 31 కాంతి సంవత్సరాల దూరం. 2019లో దాని చుట్టూ మూడు గ్రహాలు కనుగొన్నారు. మూడోది నివాసయోగ్య మండలంలో ఉంది. భూమికి కనీసం ఆరు రెట్ల బరువు, 55 రోజులకు పైగా ఏడాది. దట్టమైన వాతావరణం ఉంటే దాని మీద నీరు నిలవవచ్చని లీసా కాల్టెనెగర్ బృందం లెక్క వేసింది. ఆ కాలపు గాజుపలకలు నీలి కాంతికే బాగా స్పందించేవి. ఎర్ర నక్షత్రాలు వాటి మీద ఉన్నదానికన్నా మసకగా పడేవి. సాధనం చూపు ఎటు వాలి ఉంటే జాబితా కూడా అటే వాలుతుంది.

ఎర్ర మరుగుజ్జు నక్షత్రాల చరిత్ర మొత్తం ఇలాగే నడిచింది. కానన్ వరుసలో చివరి అక్షరం ‘ఎం’ వాటిది. మన నక్షత్రమండలంలో ప్రతి నాలుగింటిలో సుమారు మూడు ఇవే. అయినా 1960ల నాటి లెక్కలు వీటిని అనర్హులని తోసేశాయి. నక్షత్రం చిన్నది కాబట్టి వెచ్చదనం కోసం గ్రహం బాగా దగ్గరికి జరగాలి. దగ్గరైతే ఒక వైపే ఎప్పుడూ నక్షత్రం కేసి తిరిగి ఉండిపోతుంది. ఒక వైపు ఎడతెగని పగలు, రెండో వైపు ఎడతెగని రాత్రి. అక్కడ ప్రాణం ఏముంటుంది అన్నారు. ఈ తీర్పును తిరగతోడినవాళ్లలో టార్టర్ ఉంది. 2005లో సెటి ఇన్‌స్టిట్యూట్‌లో రకరకాల శాస్త్రాలవాళ్లను కూర్చోబెట్టి, 2007లో వాళ్లందరి తరఫున మొదటి రచయితగా వ్యాసం ప్రకటించింది. దట్టమైన గాలి ఉంటే వేడి అటు నుంచి ఇటు పాకుతుంది. కాబట్టి వీటిని జాబితా నుంచి కొట్టెయ్యడానికి కారణం చాలదు అన్నారు. జాబితా రాసిన మనిషే ఆ జాబితా షరతులను మళ్లీ విచారణకి పెట్టడం నాకు గొప్పగా అనిపించింది.

విచారణకి పెట్టడమంటే గెలిపించడం కాదు. నలభై కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ట్రాపిస్ట్-1 అనే ఎర్ర నక్షత్రం చుట్టూ ఏడు రాతి గ్రహాలున్నాయని 2017లో తెలిసి ప్రపంచమంతా సంబరపడింది. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోప్ చూస్తే, లోపలి మొదటి గ్రహానికి చెప్పుకోదగ్గ వాతావరణం కనిపించలేదు. రెండోదానికి దట్టమైన కార్బన్ డయాక్సైడ్ వాతావరణం లేదని తేలింది. మిగిలినవాటి సంగతి తేలాలి. కానీ ఆ సంగతి చూడటం వల్లే తెలిసింది.

ఇవాళ ఈ ఎంపిక ఎలా జరుగుతోంది? 2018లో ఎలైజా కెంప్టన్ నాయకత్వంలో ఒక బృందం, టెస్ ఉపగ్రహం కనుగొనే గ్రహాల్లో ఏవి వాతావరణ పరిశీలనకి అనువైనవో లెక్కవేసే సూత్రాన్ని ఇచ్చింది. గ్రహం ఎంత పెద్దది, ఎంత తేలిక, ఎంత వేడి, దాని నక్షత్రం ఎంత చిన్నది, ఎంత మెరుస్తోంది. వీటిని కలిపితే ఒక అంకె వస్తుంది. ఎక్కువ అంకె వచ్చినవి ముందు వరుస. ఇక్కడ మనం ఒక విషయం గమనించాలి. ఆ అంకె ప్రాణం ఉండే అవకాశాన్ని కొలవదు, మన సాధనానికి ఎంత సులువుగా కనిపిస్తుందో కొలుస్తుంది. ఆ సంగతి సూత్రం ఇచ్చినవాళ్లు దాచలేదు. నక్షత్రం ముందు నుంచి దాటని గ్రహాలకి అసలు అంకే ఉండదు. నివాసయోగ్య మండలంలో ఉన్న జీజే 357 మూడో గ్రహం అలా దాటుతున్నట్టు కనిపించలేదు, అందుకని ఆ వరుసలో దానికి చోటు లేదు. జాబితా చేతులు మారేకొద్దీ ‘మనకి కనిపించేది’ అన్న మాట చెరిగి ‘యోగ్యమైనది’ అన్న మాట మిగిలిపోవడమే ప్రమాదం. గ్రంథాలయంలో దొరికిన రచయిత్రులే రాసిన రచయిత్రులు అనుకోవడం లాంటిదే ఇది. భండారు అచ్చమాంబ 1901లోనే ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల జీవితాలను గుదిగుచ్చింది, 1902లో ‘ధనత్రయోదశి’ కథ రాసింది. అయినా 1910 నాటి ‘దిద్దుబాటు’తోనే తెలుగు కథ మొదలైందని ఎన్ని తరాలు చదువుకోలేదు?

గ్రహాన్ని ఎంచుకోవడంతో పని అయిపోదు. దాన్ని చూడటానికి టెలిస్కోప్ సమయం అడగాలి. వెబ్ టెలిస్కోప్ నాలుగో విడతకి 2024లో 2,377 ప్రతిపాదనలు వచ్చాయి. ఉన్న సమయానికి సుమారు తొమ్మిది రెట్లు అడిగారు. అలాంటప్పుడు, ఏ లోకానికి అర్హత ఉంది అన్న ప్రశ్న వెనకే ఎవరి ప్రతిపాదనకి అర్హత ఉంది అన్న ప్రశ్న కూడా వస్తుంది. హబుల్ టెలిస్కోప్ సమయం పంచినవాళ్లు పాత విడతల లెక్కలు తీస్తే, స్త్రీలు నాయకత్వం వహించిన ప్రతిపాదనలు నెగ్గే శాతం విడత తర్వాత విడత మగవాళ్లకన్నా తక్కువే ఉంది. తేడా చిన్నదే కానీ తప్పకుండా ఒకే వైపు ఉంది. పేర్లను మొదటి పేజీ నుంచి వెనక్కి జరిపారు, పొడి అక్షరాలు మాత్రమే పెట్టారు. లాభం లేకపోయింది. 2018లో పేర్లన్నీ పూర్తిగా తీసేశారు. ఎవరు రాశారో తెలియకుండా, ఏం రాశారో మాత్రమే చదివారు. ఆ విడతలో స్త్రీలకు 8.7 శాతం, పురుషులకు 8 శాతం దక్కింది. ఒక్క విడత అంకెతో చరిత్ర మారిపోయిందని నేననను. కానీ అంతవరకూ నాణ్యతనే చూస్తున్నామని మనస్ఫూర్తిగా నమ్మిన మనుషులు చూసిందేమిటో ఆ రెండు అంకెలు చెబుతున్నాయి. వెబ్ టెలిస్కోప్ సమయం కూడా ఇప్పుడు పేర్లు దాచే పంచుతున్నారు.

ఇకముందు జాబితా ఇంకా చిన్నదవుతుంది. 2040లలో పంపాలనుకుంటున్న హాబిటబుల్ వరల్డ్స్ అబ్జర్వేటరీ కోసం నాసా 2023లో 164 నక్షత్రాలను ఏరి పెట్టింది. వాటి నుంచి భూమిలాంటి గ్రహాలు ఒక పాతికైనా చూడగలగాలని లక్ష్యం. ‘భూమిలాంటి’ అన్న మాట దగ్గర నాకు పాత అనుమానమే. పరిమాణమూ బరువూ మాత్రమే చూస్తే శుక్రగ్రహం అచ్చం భూమికి తోబుట్టువు. దాని ఉపరితలం మీద వేడి 460 డిగ్రీలు. తెలిసినదాంతో పోల్చకుండా తెలియనిదాన్ని వెతకలేమన్నది నిజమే. ఆ పోలికను కొలబద్దగా వాడుతున్నామని గుర్తుంచుకుని వాడితే చాలు.

2021లో కాల్టెనెగర్, జాకీ ఫాహర్టీ అనే ఇద్దరు స్త్రీలు ఈ ప్రశ్నను తిరగేశారు. గత అయిదు వేల ఏళ్లలో భూమి సూర్యుడి ముందు నుంచి దాటడం ఎక్కడెక్కడి నుంచి కనిపించి ఉంటుంది? 1,715 నక్షత్రాల నుంచి అని తేలింది. అక్కడెవరైనా ఉండి, వాళ్లకీ టెలిస్కోప్ సమయం తక్కువై, వాళ్లలోనూ ఒక కమిటీ కూర్చుని ఉంటే, మన భూమికి ఆ జాబితాలో ఏ వరుసలో చోటిచ్చి ఉంటుందో! ఇది చదివినప్పుడు నవ్వొచ్చింది. తర్వాత ఆ పెద్దాయన ప్రశ్న మళ్లీ వినిపించింది.

ఆయనకి ఇవాళ నా జవాబు ఉంది. ఎంతమందికి అర్హత ఉందో నాకు తెలియదు సార్, తెలుసుకోవడానికే చదువుతానంటున్నాను. ఎవరిని ఎందుకు తీసుకున్నానో, ఎవరిని ఎందుకు వదిలేశానో రెండూ రాసి పెడతాను, నా తర్వాత వచ్చేవాళ్లు నా షరతులతో పోట్లాడతారు. నా సిద్ధాంతగ్రంథం చివర, వదిలేసిన రచయిత్రుల పేర్లు అనుబంధంగా పెట్టాలనుకున్నాను. పేజీలు ఎక్కువయ్యాయని ఆ అనుబంధం తీసేయించారు. నేనూ సరేనన్నాను. ఆ రెండు నోటు పుస్తకాలూ మొన్న అటక మీంచి దించాను. ఒక్కో పేరు ఎదురుగా పత్రిక, సంవత్సరం, రచన పేరు ఉన్నాయి. ఎందుకు వదిలేశానో మాత్రం ఎక్కడా రాసుకోలేదు. కొందరి విషయంలో ఎంత ఆలోచించినా ఇప్పుడు గుర్తుకు రావడం లేదు. ముందు ఆ గడి గీసి, గుర్తున్నంత వరకు కారణాలు రాస్తున్నాను. కారణం గుర్తురానివాళ్లను మళ్లీ మొదటి నుంచి చదవాలి. మీ దగ్గరా ఇలాంటి నోటు పుస్తకాలుంటే పారేయకండి.